లాలాగూడ గేట్ నుంచి డిచ్‌పల్లి దాకా

క్రైస్తవ నీతిలో తప్పులు రెండు రకాలు. చేయకూడనిది చేయడం ఒకటి, చేయవలసింది చేయకుండా ఊరుకోవడం రెండోది. మొదటి రకం మీద ప్రతి మతమూ, ప్రతి చట్టమూ కన్నేసి ఉంచుతాయి. రెండో రకాన్ని పట్టుకోవడం కష్టం. ఊరుకున్నవాడి మీద సాక్ష్యం చెప్పేవాళ్లుండరు. కొత్త నిబంధన మాత్రం ఈ రెండోదాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది. లూకా సువార్త పదో అధ్యాయంలో యెరికో దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిని పడి ఉన్న మనిషిని చూసి పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడూ లేవీయుడూ ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తీసుకోలేదు. చాలా న్యాయస్థానాల్లో వాళ్ల మీద కేసు నిలవదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు ఘట్టమూ అలాంటిదే. ఎడమవైపు నిలబెట్టినవారి మీద దొంగతనమో హత్యో మోపలేదు. ఆకలిగొన్నవాడికి పెట్టలేదు, దాహంతో ఉన్నవాడికి ఇవ్వలేదు, జబ్బుపడ్డవాణ్ణి పలకరించలేదు, చెరలో ఉన్నవాడి దగ్గరికి వెళ్లలేదు అన్నవే అక్కడి నేరాలన్నీ. యాకోబు పత్రిక మరో అడుగు వేసి, తెలిసిన మేలును చేయకుండా వదిలేయడాన్ని నేరుగా పాపాల కిందే జమ కట్టింది.

దీన్ని నిత్యజీవితానికి నియమాలుగా మార్చినవారిలో ఇంగ్లండుకు చెందిన జాన్ వెస్లీ ఒకరు. 1743లో తన అనుచర సంఘాలకు ఆయన రాసిచ్చిన సాధారణ నియమావళిలో మూడు అంశాలున్నాయి. కీడు చేయకూడదు, మేలు చేయాలి, ఆరాధన, ప్రార్థన, ఉపవాసం వంటి క్రమాలను పాటించాలి. మొదటిదానికీ రెండోదానికీ విడివిడిగా చోటివ్వడంలోనే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. కీడు మానుకున్నంత మాత్రాన మేలు చేసినట్టు కాదు. మేలు అనే అంశం కింద ఆయన పేర్కొన్నవి కూడా చాలా మామూలు పనులు: అన్నం పెట్టడం, బట్ట ఇవ్వడం, రోగుల్నీ ఖైదీల్నీ చూడబోవడం. లండన్‌లో 1746లో పేదలకు ఉచితంగా మందులిచ్చే చోటు తెరిచారు. మరుసటి ఏడు ఇంట్లో చేసుకోగల వైద్యం మీద చిన్న పుస్తకం అచ్చువేశారు. అందులోని చిట్కాల్లో కొన్ని ఈనాటి వైద్యుడికి నవ్వు తెప్పిస్తాయి గానీ, డాక్టరు ఫీజు కట్టలేనివాడి కోసం ఒక మతబోధకుడు కూర్చుని మందుల పుస్తకం రాయడం ఆ కాలానికి చిన్న విషయం కాదు.

వెస్లీ పేరు మీద నడిచిన మిషన్ 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో సికింద్రాబాద్ చేరింది. అక్కడి నుంచి నిజాం రాజ్యంలోని పల్లెలకు పాకింది. నియమావళిలోని రెండో అంశం తెలుగు నేల మీద ఏ రూపం తీసుకుందో చూడాలంటే లాలాగూడ నుంచి ఉత్తరంగా పోయే రైలు మార్గాన్ని పట్టుకుంటే చాలు. ముఖ్యమైన రెండు చోట్లూ, మెదక్, డిచ్‌పల్లి, ఆ దారిలోనే వస్తాయి.

లాలాగూడ రైల్వే పేట. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చిన తర్వాత, నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారు 1893లో ఇక్కడ వర్క్‌షాపు కట్టారు. ఫిట్టర్లు, కమ్మరులు, వడ్రంగులు, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, ఫోర్‌మన్‌లు, తమిళ గుమాస్తాలు దాని చుట్టూ స్థిరపడ్డారు. మెట్టుగూడ, చిలకలగూడ వరకూ అల్లుకున్న రైల్వే క్వార్టర్లూ, ఆ పక్కనే వెలసిన చర్చిలూ ఆ కాలపు గుర్తులే. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దాని కేంద్రమయ్యాక లాలాగూడ ప్రాధాన్యం మరింత పెరిగింది. ప్రయాణికుల పెట్టెలకు గడువు ప్రకారం పీరియాడికల్ ఓవర్‌హాలింగ్ చేయడం ఈ వర్క్‌షాపు ప్రధానమైన పని. పెట్టెను విప్పి, చక్రాలు, బేరింగులు, బ్రేకులు పరీక్షించి, అరిగినవి మార్చి, మళ్లీ పట్టాల మీదికి పంపుతారు. ఈ పనిలో, ఏ బోల్టునూ చెడగొట్టలేదని చెప్పుకునేవాడికి విలువ లేదు. బిగించవలసిన బోల్టును బిగించాడా లేదా అన్నదే లెక్క. వెస్లీ రెండో నియమానికి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు.

ఈ పేటలోనే రైల్వే ఆసుపత్రి ఉంది. రైల్వే ఉద్యోగులకూ వాళ్ల కుటుంబాలకూ ఉద్దేశించిన పెద్ద దవాఖానా అది. దాన్ని కట్టింది మిషన్ కాదు, రైల్వే. అయినా ఇలాంటి ఆసుపత్రుల చరిత్రలో మిషన్ల వాటా ఒకటుంది: నర్సులు. మైల, అంటు, ఆడపిల్ల పరాయి మగవాణ్ణి తాకడం అన్న సంకోచాల వల్ల చాలా కుటుంబాలు తమ పిల్లల్ని ఈ వృత్తిలోకి పంపని రోజుల్లో మిషన్ ఆసుపత్రులు క్రైస్తవ అమ్మాయిలకు శిక్షణ ఇచ్చాయి. 1940ల నాటికి దేశంలోని నర్సుల్లో అత్యధికులు క్రైస్తవులే. గుంటూరులో 1883లో అడుగుపెట్టి 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచిన లూథరన్ డాక్టరు అన్నా సారా కుగ్లర్ వంటివారు వేసిన పునాది అది. రోగి మలమూత్రాలు ఎత్తడం, పుండు కడగడం, రాత్రంతా మేలుకొని ఉండడం కూడా ధర్మకార్యమేనని నమ్మే మనుషులు దొరికాకే ఆసుపత్రి అన్న ఏర్పాటు ఇక్కడ నిలదొక్కుకుంది. ఈ సంగతి చర్చి చరిత్రల్లో కంటే వైద్యచరిత్రల్లో ఎక్కువ కనిపించాలి, కానీ రెండింటిలోనూ తక్కువే కనిపిస్తుంది.

సికింద్రాబాద్‌లోని క్రైస్తవ మతం మొదటి నుంచీ ఇలా బయటికి చూసేది కాదు. 1806లో కంటోన్మెంటు పట్టణంగా పుట్టిన ఊరు ఇది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి బ్రిటిష్ సైనికుల కోసం కట్టినది. పల్టనుకు ఆదివారం ప్రార్థన, పెళ్లి, బాప్తిస్మం, చివరికి సమాధి: పాదిరి పని అంతవరకే. చుట్టూ ఉన్న తెలుగు జనం ఆ లెక్కలోకి వచ్చేవారు కాదు. చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ వచ్చినప్పుడు ఆయనకు అప్పగించినది కూడా తిరుమలగిరిలోని సైనికుల మధ్య పనే. ఆ పనిలోనే ఉండిపోయినా ఆయన్ని తప్పుపట్టేవారు ఉండేవారు కాదు. కొద్ది కాలంలోనే ఆయన గుర్రమెక్కి, సుమారు అరవై మైళ్ల దూరంలో ఉన్న మెదక్ వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

లాలాగూడ గేట్ స్టేషన్ మీదుగా మల్కాజిగిరి, అల్వాల్, బొల్లారం, మేడ్చల్ దాటి పోయే ఈ మార్గాన్ని 1900 ప్రాంతంలో గోదావరి లోయ మార్గంగా మన్మాడ్ వరకూ మీటర్‌గేజీలో వేశారు. తర్వాత అది బ్రాడ్‌గేజీ అయింది. మెదక్‌కు దిగవలసిన చోటు చాలాకాలం అక్కన్నపేట. అక్కడి నుంచి మెదక్ ఊళ్లోకి పట్టాలు పడి రైలు నడవడం 2022లోగానీ జరగలేదు. పాస్నెట్ రోజుల్లో ఆ కొసంతా ఎడ్లబండీ గుర్రమూనే.

పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి దూరం నుంచే కనిపిస్తుంది. గోపురం ఎత్తు 175 అడుగులు, లోపలి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. చార్మినార్ కంటే ఎత్తుగా కట్టినందుకు నిజాంకు కోపం వచ్చిందన్న కథ ఆ ప్రాంతంలో అందరి నోటా వినిపిస్తుంది. వినడానికి బాగుంటుంది, అంతకు మించి దాని మీద ఆధారపడనక్కరలేదు. లోపల మూడు వైపులా క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలున్నాయి. వెలుతురు వెనకనుంచి పడినప్పుడే ఆ బొమ్మలు తెలుస్తాయి. చీకటిపడితే అవి నల్లటి గోడలే. 1914లో మొదలైన కట్టడం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. ఈనాటికీ క్రిస్మస్ రోజున అన్ని మతాల జనమూ బారులు తీరే చోటు ఇది.

ఈ కట్టడం గొప్పతనాన్ని దాని రాళ్లలో కంటే కూలీ లెక్కల్లో వెతకడం న్యాయం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనూ ఆ తర్వాతా ఈ ప్రాంతాన్ని కరువు పట్టింది. మీదినుంచి 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. పనిలేక పస్తులున్న పల్లెల జనానికి చర్చి నిర్మాణం కరువు పనిగా మారింది. రాయి కొట్టినవాడికీ, సున్నం మోసినామెకూ పనికి ప్రతిగా తిండి దొరికింది. దానంగా గంజి పోయడానికీ, పని చూపించి కూలి ఇవ్వడానికీ తేడా ఉంది. మొదటిదానిలో చేయి చాచాలి, రెండోదానిలో చెమటోడ్చాలి. ఏది మేలన్న ప్రశ్నకు మాత్రం ఒకటే జవాబు లేదు. ముసలివాళ్లు, బాలింతలు, ఒంట్లో శక్తి లేనివాళ్లు రాయి మోయలేరు. పని చేయగలవాడికే తిండి అన్న నియమం, అందరికంటే దిక్కులేనివాణ్ణి బయటే వదిలేస్తుంది. అంత ఖర్చు అంత పెద్ద గుడి మీద ఎందుకు, చెరువులు తవ్వించి ఉంటే పంటలు పండేవి కదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఇంగ్లండులో చందాలిచ్చినవారు చెరువుకు అంత ఉత్సాహంగా ఇచ్చేవారా అన్నది వేరే సంగతి.

చెరువుకు దగ్గరైన ఉదాహరణ కోస్తాలో అంతకుముందే జరిగింది. 1876–78 నాటి మహాకరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లఫ్, సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తానే తీసుకున్నారు. కాంట్రాక్టరు దగ్గర మట్టి మోయడానికి వెళ్తే కూలి కోత, తిట్లు, కులం పేరుతో దూరం పెట్టడం తప్పవని మాదిగ పల్లెల జనం భయపడేవారు. సొంత మేస్త్రీలను పెట్టి ఆయన ఆ భయం పోగొట్టారు. ఇందులో మరో నిర్ణయం కాలువ కంటే ముఖ్యమైనది: కరువు నడుస్తున్నంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదన్నది ఒక కారణం కావచ్చు. ఆకలితో ఉన్నవాడి ఒప్పుదలకు విలువ లేదన్న వివేకమూ అందులో ఉంది. కరువు తగ్గాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మిషన్ చరిత్రలన్నిటా కనిపిస్తుంది. అంతకుముందు నెలల తరబడి ఎవరికీ ఇవ్వకుండా ఆపిన సంగతికి అంత ప్రచారం రాలేదు. చూడబోతే రెండిట్లో కష్టమైనది అదే.

మెదక్ మలుపు వదిలి ఉత్తరంగా కామారెడ్డి దాటాక, నిజామాబాద్‌కు కాస్త ముందు డిచ్‌పల్లి వస్తుంది. శిల్పాలకు పేరుపడిన పాత రామాలయం ఉన్న ఊరు. తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నదీ ఇక్కడే. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ భాగం డిచ్‌పల్లి అంటే మాత్రం జనానికి కుష్ఠు దవాఖానా.

స్కాట్లండులో 1875లో పుట్టి, అబర్డీన్‌లో 1903లో వైద్యపట్టా పొందిన ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో వెస్లియన్ మిషన్ తరఫున నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో మామూలు వైద్యం చేస్తున్న ఆమెకు కుష్ఠురోగులు కనిపించారు. ఇల్లు, ఊరు, బావి, గుడి అన్నీ వాళ్లకు మూసుకుపోయి ఉండేవి. ఆమె పనిచేస్తున్న దవాఖానా నుంచి వాళ్లను పంపించేయడం నిషేధం కాదు, తప్పూ కాదు. సాధారణ రోగులు బెదిరిపోకుండా అలా పంపించేయడమే ఆనాటి ఆనవాయితీ. కెర్ దంపతులు 1911లో వాళ్లకోసం నిజామాబాద్‌లో చిన్న ఆశ్రయం మొదలుపెట్టారు. రెండేళ్లు తిరగకముందే అది కిక్కిరిసిపోయింది.

పెద్ద ఆసుపత్రికి డబ్బు ఇంగ్లండు నుంచి రావాలని అందరూ అనుకుంటారు. మొదటి పెద్ద చందా ఇచ్చింది మాత్రం రాజా నర్సాగౌడ్ అనే స్థానిక హిందూ దాత. ఆ సొమ్ముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి తెరుచుకుంది. లూకా సువార్త కథలో ఆగి సాయం చేసినవాడు యూదులు తమవాడిగా లెక్కచేయని సమరయుడు. డిచ్‌పల్లిలో క్రైస్తవ డాక్టరు నిలబడటానికి తోడ్పడినవాడూ ఆ మతానికి బయటివాడే. ఆ కథలో అంతగా ఎవరూ పట్టించుకోని మరో వివరముంది. సమరయుడు గాయాలకు కట్టుకట్టి వెళ్లిపోలేదు. సత్రం యజమానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. జాలి పుట్టడానికి ఒక్క క్షణం చాలు. రోగి కోలుకునేదాకా గది అద్దె ఎవరు కట్టాలి అన్నది తర్వాత మొదలవుతుంది. డిచ్‌పల్లి చరిత్ర చాలావరకు ఆ రెండో ప్రశ్న చరిత్రే.

కుష్ఠుకు కారణమైన సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లోనే గుర్తించాడు. అది చర్మం మీద మచ్చగా బయటపడుతుంది గానీ అసలు దెబ్బ నరాల మీద. స్పర్శ పోయిన చేయి కాలుతున్న గిన్నెను పట్టుకున్నా తెలియదు. స్పర్శ లేని పాదంలో ముల్లు దిగినా నొప్పి ఉండదు. వేళ్లు పోవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియక తగిలే గాయాలూ, అవి చీముపట్టడమూ. చాలా నిదానంగా పెరిగే సూక్ష్మజీవి కాబట్టి జబ్బు బయటపడటానికి ఏళ్లు పడుతుంది. మనుషుల్లో అత్యధికులకు దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. జనంలో ఉన్న భయానికీ అంటుకునే అవకాశానికీ పొంతనే లేదు.

అప్పటి ఆశ్రయాలు చాలావరకు చావు వచ్చేదాకా తిండి పెట్టే చోట్లు. డిచ్‌పల్లి మొదటి నుంచీ చికిత్సాలయంగా పేరు పెట్టుకుంది. ఉన్న మందల్లా చాల్‌ముగ్ర జాతి గింజల నూనె. తాగిస్తే వాంతులు, సూదితో ఎక్కిస్తే నొప్పి, గడ్డలు. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ 1920ల్లో మెరుగుపరిచిన తయారీలను ఇసబెల్ కెర్ వెంటనే అందుకుని ఇక్కడ వాడారు. వారం వారం, నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి సూది పొడిచే వైద్యమది. ఫలితం అందరికీ ఒకేలా ఉండేది కాదు. జబ్బు తొలిదశలో వచ్చినవారికి మేలు కనిపించేది; వేళ్లు పోయాక వచ్చినవారికి ఆ నూనె చేయగలిగింది తక్కువ. అయినా నయమై ఇంటికి వెళ్లవచ్చన్న మాట మొదటిసారి వినబడటంతో, దాక్కున్నవాళ్లు మచ్చ కనపడగానే తామే నడిచి రావడం మొదలైంది. కుష్ఠు నివారణలో అన్నిటికంటే పెద్ద మార్పు అదే. 1923లో ఇసబెల్‌కు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. 1932లో ఆమె చనిపోయారు. భర్త మరి కొన్నేళ్లు పని కొనసాగించి 1938లో సెలవు తీసుకున్నారు.

ఇక్కడ పనిచేసినవారిలో జాన్ లో అనే డాక్టరు పేరు వైద్యచరిత్రలో నిలిచింది. డిచ్‌పల్లి తర్వాత కలకత్తాలోనూ, ఆపైన నైజీరియాలోనూ పనిచేసిన ఆయన, 1940ల చివర డాప్సోన్ మాత్రను నోటిద్వారా తక్కువ మోతాదులో ఇచ్చి ఫలితం చూపినవారిలో ఒకరు. ఆ చవక మాత్ర ప్రపంచమంతటా సూదుల్ని పక్కకు తోసింది. తాను గడిపిన ఆసుపత్రుల అవసరమే తగ్గిపోయేలా ఒక డాక్టరు పనిచేయడం ఇలాంటి సేవకు తగిన కొలమానం. ఆశ్రమాలు పెరుగుతూ పోవడాన్ని విజయంగా లెక్కపెట్టే దాతృత్వం కంటే ఇది మేలైనది.

ఈ చరిత్రలో మరకలు లేవని కాదు. మిషన్లు ఆసుపత్రినీ బడినీ మతప్రచారానికి తలుపులుగా చూశాయి, దాచలేదు కూడా. వైద్యాన్ని మతమార్పిడికి మెట్టుగా వాడటాన్ని గాంధీ గట్టిగా తప్పుపట్టారు. ఆయన మాటకు బలం ఎక్కడిదంటే, సేవాగ్రామ్‌లో కుష్ఠుతో వచ్చిన పర్చూరే శాస్త్రి పుండ్లను ఆయనే కడిగారు. రెండో మరక చర్చి లోపలిది. మాల, మాదిగ పల్లెల నుంచి వచ్చినవారితో నిండిన తెలుగు సంఘాల్లోనే ఆ రెండు కులాల మధ్య గోడ చాలాచోట్ల అలాగే నిలిచింది, శ్మశానాల్లో సైతం. దూరపు రోగి పుండు కడగగలిగిన సంఘానికి పక్క బల్ల మీద కూర్చున్నవాడితో వియ్యమందుకోవడం కష్టమైంది. వెస్లీ రెండో నియమం ప్రకారం ఇదీ చేయకుండా వదిలేసిన మేలు కిందికే వస్తుంది.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు వెస్లియన్ మిషన్ పని దానిలో కలిసింది. మెదక్ చర్చి డయాసిస్‌కు కేంద్రమైంది. కుష్ఠు విషయంలో బాధ్యత క్రమంగా ప్రభుత్వం తీసుకుంది. 1980ల తొలినాళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుతో రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్స వచ్చింది. ఏళ్ల వైద్యం క్రమంగా ఆరునెలలకో ఏడాదికో తగ్గింది, అదీ ఉచితంగా, ఇంటి దగ్గరే. 1983లో జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల జనాభాకు ఒక కేసు కంటే తక్కువ స్థాయికి జబ్బు దిగింది. చట్టం మాత్రం వెనకబడింది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలును పార్లమెంటు తొలగించింది 2019లోనే.

ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇంకా భారతదేశంలోనివే. సూక్ష్మజీవి చచ్చినా పోయిన స్పర్శ తిరిగి రానివారు లక్షల్లో ఉన్నారు. వాళ్లకు కావలసినవి రోజూ పాదాలు నీళ్లలో నానబెట్టి నూనె రాసుకోవడం, పుండుకు కట్టు, వంగిన వేళ్లకు శస్త్రచికిత్స, మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు. చెప్పులు అరిగిపోతాయి, అరిగినప్పుడల్లా కొత్త జత ఇవ్వాలి.